కిరాయికొచ్చిన ‘ఊరగాయ’!

దేశంకాని దేశం బయల్దేరేటప్పుడు మన సూట్‌కేసులో ఆవకాయ సీసా ఉండాల్సిందే. బ్రిటన్ నౌకాదళంలో ఒకప్పుడు ఏకంగా ఓడకే ఊరగాయ పేరు... ‘పికిల్’! అల్లరి పిల్లల్ని కూడా ఇంగ్లిషువాళ్లు ఆ మాటతోనే పిలిచేవారు, అది వేరే సంగతి. ఈ బుల్లి ఓడ మొదట నేవీ సొంతం కాదు. రోజుకు 10 పౌన్లకు అద్దెకు తెచ్చుకున్నది.

యుద్ధానికి అద్దె ఓడలేంటి అంటారా? ఫ్రాన్స్‌తో 1793లో మొదలైన పోరు మధ్యలో ఆగుతూ 1815 దాకా సాగింది. పెద్ద నౌకలు ఎన్నున్నా ఉత్తరాలు మోయడానికి, సరుకు ఓడలకు కాపలా కాయడానికి, తీరం వెంట శత్రువుల్ని తరమడానికి చురుకైన చిన్న ఓడలు చాల్లేదు. అందుకే ప్రైవేటు వాళ్ల తెరచాప ఓడల్ని టన్నుకింత, నెలకింత అని మాట్లాడుకునేవారు. మన ఊళ్లో లారీ మాట్లాడుకున్నట్టే! నడిపే మనుషులూ ఓడతోపాటే వచ్చేవారు. పైన పెత్తనానికి నేవీ నుంచి ఒక లెఫ్టినెంటు.

1802లో సంధి కుదరగానే చాలా ఓడల్ని వెనక్కి పంపేశారు. 1803లో మళ్లీ యుద్ధం, మళ్లీ కబురు. కాంట్రాక్టు బతుకు అప్పుడూ అంతే. ప్రమాదం మాత్రం పెద్ద నౌకలతో సమానం. ‘కాన్‌స్టిట్యూషన్’ అనే అద్దె ఓడ 1804 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని బులోన్ ఎదుట గుండు దెబ్బకు మునిగిపోయింది. అన్నట్టు, ఆ మరుసటి నెల 15న ఈ యుద్ధం మన విశాఖపట్నం రేవుకూ వచ్చింది. ఫ్రెంచి నౌకలు అక్కడ ఇంగ్లిషువాళ్ల ‘సెంచూరియన్’ మీద పడి, ఒక వర్తక ఓడను పట్టుకుపోయాయి.

ఇక పికిల్ సంగతి. 1800 చివర్లో జమైకాలో అడ్మిరల్ హ్యూ సీమోర్ దీన్ని అద్దెకు తీసుకున్నాడు. అప్పటి పేరు ‘స్టింగ్’. బాగా నచ్చేసి, కొనొద్దని పైవాళ్ల ఆదేశాలున్నా 2,500 పౌన్లు పోసి కొనేశాడు. లండన్ చివరికి సరేనంది.

1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధం. గెలుపు ఇంగ్లండుది, ప్రాణం నెల్సన్‌ది. ఆ కబురు మోసే పని పికిల్‌కు, దాని లెఫ్టినెంటు లాపెనోటియేర్‌కు దక్కింది. 26న బయల్దేరారు. దారిలో తుపాను. బరువు తగ్గించడానికి కొన్ని ఫిరంగుల్నే సముద్రంలోకి తోసేశారు! నవంబరు 4న ఫాల్మత్ చేరారు. అక్కణ్నుంచి లండన్‌కు 271 మైళ్లు, గుర్రబ్బండిలో సుమారు 37 గంటలు. ఖర్చు 46 పౌన్ల 19 షిల్లింగుల 1 పెన్నీ. 6వ తేదీ అర్ధరాత్రి ఒంటిగంటకు అడ్మిరాల్టీ తలుపు తట్టాడు. ప్లిమత్ నుంచి పోటీపడి వచ్చిన మరో కెప్టెన్ సైక్స్ కాసేపటికే దిగాడు.

లెఫ్టినెంటుకు ప్రమోషన్, 500 పౌన్లు, ఖరీదైన కత్తి. మరి నావికులకు? ట్రఫాల్గర్‌లో ఉన్న మామూలు నావికుడికి పట్టుబడి సొమ్ములో వాటా 1 పౌను 17 షిల్లింగుల 6 పెన్సులు, పార్లమెంటు ఇనాం 4 పౌన్ల 12 షిల్లింగుల 6 పెన్సులు. మొత్తం ఆరున్నర పౌన్లు! ఒక్కో కెప్టెన్‌కేమో 3,300 పైనే. అంటే ఐదొందల రెట్లు. పంపు కొట్టినవాడి చెమటకు మేమైతే ఇంకాస్త ఎక్కువే కట్టేవాళ్లం.

పికిల్ 1808లో స్పెయిన్‌లోని కాడిజ్ దగ్గర నేలతట్టి పగిలిపోయింది. మనుషులంతా బతికారు.

లెఫ్టినెంటు వెళ్లిన దారిని 2005లో ‘ట్రఫాల్గర్ వే’గా గుర్తించారు. ఎక్సెటర్, సాలిస్‌బరీ, బేసింగ్‌స్టోక్, స్టెయిన్స్ మీదుగా మనవాళ్లు తిరిగే హౌన్‌స్లో దాకా వస్తుందది. ట్రఫాల్గర్ నావికుల పేర్లు క్యూ గార్డెన్స్ పక్కనున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాళ్లలో ఇండియాలో పుట్టినవాళ్లూ ఉన్నారు. ఆన్‌లైన్‌లో కూడా వెతుక్కోవచ్చు.