పచ్చని ప్రతినాయకుడు – ఫ్లోరానిక్ మాన్

బాట్‌మన్ శత్రువులెవరని అడిగితే మన హాస్టల్లో ఏ గదివాడైనా జోకర్‌తో మొదలుపెట్టి పెంగ్విన్ దాకా గడగడ చెప్పేస్తాడు. జేసన్ వుడ్రూ పేరు మాత్రం ఎవరి నోటా రాదు. అమెరికా బొమ్మల పుస్తకాల్లో అతడిది మూడో వరస బెంచీ. కాని వృక్షశాస్త్రం చదివే ప్రతివాడూ ఒకసారి పరిచయం చేసుకోవలసిన దుర్మార్గుడు అతడే అని నా అభిప్రాయం. ఎందుకంటే, ఆ విలన్ల గుంపులో కిరణజన్య సంయోగక్రియతో లోకాన్ని చంపాలనుకున్నవాడు ఇతడు.

పుట్టుక 1962లో. డి.సి. కంపెనీ వారి 'ద ఆటమ్' పత్రిక మొదటి సంచికలో గార్డ్‌నర్ ఫాక్స్ రాయగా గిల్ కేన్ బొమ్మలు వేశాడు. అప్పుడతని పేరు ప్లాంట్ మాస్టర్. వనకన్యలుండే ఏదో వేరే లోకం నుంచి బహిష్కరణ పొంది భూమ్మీదికి వచ్చి, ఇక్కడి చెట్లనూ తీగలనూ తన మాట వినేలా చేసుకొని రాజ్యమేలాలనుకుంటాడు. విఠలాచార్య సినిమాలో మాంత్రికుడికి కోటు తొడిగితే ఎలా ఉంటాడో అలాగన్నమాట. పదునాలుగేళ్ళ తర్వాత, 1976లో, 'ద ఫ్లాష్' 245వ సంచికలో అతడే మొక్కగా మారిపోయాడు. ఒళ్ళంతా బెరడు, తల మీద ఆకులు. ఫ్లోరానిక్ మాన్ అన్న పేరు అప్పటిదే. ఆ కథల గురించి ఇంతకంటె చెప్పవలసింది లేదు. కొట్లాట, ఓటమి, జైలు.

అసలు సంగతి 1984లో జరిగింది.

అప్పటికి 'స్వాంప్ థింగ్' అని ఇంకో పత్రిక ఉండేది. ఆలెక్ హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగశాల పేలి, కాలుతూ పోయి బురదకయ్యలో పడి, నాచూ వేళ్ళూ కలిసిన రాక్షసాకారంగా లేస్తాడు. మళ్ళీ మనిషినవుదామని తపిస్తూ ఉంటాడు. ఆ కథ నడపడానికి ఇంగ్లండు నుంచి ఆలన్ మూర్ అనే రచయిత వచ్చాడు. స్టీఫెన్ బిసెట్, జాన్ టోటిల్‌బెన్ బొమ్మలు వేసేవారు. మూర్ ఏం చేశాడంటే, మూలనపడి ఉన్న వుడ్రూను జైలునుంచి తెప్పించి, స్వాంప్ థింగ్ శవాన్ని కోసి చూడమన్నాడు. 'ద అనాటమీ లెసన్' అనే ఆ సంచిక మన ప్రాక్టికల్ క్లాసులాగే ఉంటుంది. వుడ్రూ కోస్తాడు. ఊపిరితిత్తుల లాంటివి కనిపిస్తాయి గాని వాటితో గాలి పీల్చడం కుదరదు. గుండె లాంటిది ఉంది, పని చెయ్యదు. అన్నీ మొక్క కణజాలంతో చేసిన నకళ్ళు! అప్పుడతనికి వెలుగుతుంది. హాలండ్ మొక్కగా మారలేదు. హాలండ్ ఎప్పుడో చచ్చిపోయాడు. అతని జ్ఞాపకాన్ని పీల్చుకున్న మొక్క తాను మనిషిననుకొని అవయవాలు కట్టుకుంది.

దీనికి ఆధారంగా వుడ్రూ ప్లనేరియా పురుగుల ప్రయోగం చెబుతాడు. చదువు నేర్చిన పురుగును ముక్కలు చేసి చదువులేని పురుగుకు పెడితే దానికీ చదువొచ్చిందని 1960ల్లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెకానెల్ ప్రకటించాడు. ఇతరులు చేసి చూస్తే ఆ ఫలితం నిలకడగా రాలేదు, శాస్త్రలోకం దాన్ని పక్కన పెట్టింది. (తల కోసేసిన ప్లనేరియాకు కొత్త తల మొలిచాక పాత శిక్షణ కొంత మిగిలిందని 2013లో వేరే ప్రయోగం వచ్చింది. తినడం సంగతి వేరు.) పుస్తకాలు తింటే పాసవుతామంటే మనలో ఎందరు మిగిలేవారో!

శవపరీక్ష తర్వాత వుడ్రూ స్వాంప్ థింగ్ ఒంటి నుంచి ఒక దుంప పీకి తింటాడు. తినగానే భూమ్మీది మొక్కలన్నిటి మనసూ అతనిలోకి దూకుతుంది. చెట్లు నరికిన మనిషి మీద పగ పుడుతుంది. లూసియానాలో ఒక చిన్న ఊరిని తీగలతో చుట్టేసి, మొక్కలచేత ఆక్సిజన్ విపరీతంగా విడుదల చేయిస్తాడు. అగ్గిపుల్ల గీస్తే ఇల్లు పేలిపోయేటంత! సూపర్‌మాన్ వాళ్ళంతా ఆకాశంలో కూర్చుని బిక్కముఖాలు వేస్తారు. చివరికి స్వాంప్ థింగ్ వచ్చి ఒకే ప్రశ్న వేస్తాడు. మనుషులూ జంతువులూ పోయాక ఆ ఆక్సిజన్‌ను మళ్ళీ మొక్కలకు కావలసిన కార్బన్ డయాక్సైడుగా ఎవరు మారుస్తారని. దానితో వుడ్రూ కుప్పకూలిపోతాడు.

ఇక్కడ కాస్త కాగితం, పెన్సిలు తీసుకుందాం. పదివేల లీటర్ల పొడిగాలిలో ఆక్సిజన్ సుమారు 2,095 లీటర్లు. కార్బన్ డయాక్సైడ్ నాలుగు లీటర్ల పైచిలుకు, అంతే. కిరణజన్య సంయోగక్రియలో ఒక అణువు కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్తే ఒక అణువు ఆక్సిజన్ బయటికొస్తుంది. అంచేత ఆ ఊరి మొక్కలన్నీ ఒళ్ళువిరుచుకొని గాలిలో ఉన్నదంతా పీల్చేసినా ఆక్సిజన్ 2,099 లీటర్లకు చేరుతుంది. అగ్గిపుల్లకు తేడా కూడా తెలియదు. ఈలోగా ఆకులకే మేత కరువవుతుంది. స్వాంప్ థింగ్ అంత దూరం నడిచి రానక్కరలేదు, ఇంటర్మీడియెట్ కుర్రాడు చాలు.

అతని ప్రశ్న కూడా సగమే నిజం. మొక్కలు పీల్చిన కార్బన్‌లో దాదాపు సగం వాటి శ్వాసక్రియలోనే తిరిగి గాలిలో కలుస్తుంది. తక్కినదాంట్లో చాలాభాగాన్ని నేలలోని బాక్టీరియా, శిలీంధ్రాలు తిరిగిస్తాయి. మా పెరట్లో పెంటకుప్ప గెలికితే పొగలాగా ఆవిరి లేస్తుంది. అది ఆ సూక్ష్మజీవుల శ్వాస తాలూకు వేడే. మనుషులు పోయినంత మాత్రాన వెంటనే ఆకులకు తిండి ఆగదు. నేనయితే వుడ్రూను తేనెటీగల గురించి అడిగేవాణ్ణి. జంతువులన్నీ పోతే బీరపాదుకు పుప్పొడి ఎవరు మోస్తారు? పూత పూస్తుంది, పిందె పసుపురంగై రాలిపోతుంది.

అంతకంటె నాకు మింగుడుపడనిది వేరే ఉంది. వుడ్రూ దృష్టిలో మొక్కలన్నీ ఒక పార్టీ, మనుషులు ఇంకో పార్టీ. గట్టుమీద నిలబడి ఒక్క పూట కలుపు తీసినవాడెవడూ ఆ మాట నమ్మడు. వరిలో ఊద చూడండి. లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. మా అమ్మ ఆకు వెనక్కి వంచి, కాడతో కలిసేచోట చూస్తుంది. వరికి అక్కడ సన్నని పొర ఉంటుంది, ఊదకుండదు. వరిని పోలిన ఊదను చేతులు వదిలేశాయి, పోలనిదాన్ని పీకేశాయి. తరతరాల కలుపుతీత ఊదకు వరి వేషం నేర్పింది. చైనాలో ఊద జన్యువులు పరిశీలించి, ఈ వేషం మొదలై సుమారు వెయ్యేళ్ళయిందని 2019లో అంచనా కట్టారు. హాలండ్ వేషం కట్టిన మొక్క కల్పన కావచ్చు. వరి వేషం కట్టిన మొక్క మాత్రం మా మడిలో ఉంది, ఎరువు కూడా తింటోంది.

ఇంకొకటి, వరి మన పక్షం. అడవి వరి గింజ పండగానే రాలిపోతుంది. సాగు వరి గింజను కంకినే పట్టుకొని ఉంటుంది, కోసేవాడి కోసం. మనిషి పోతే రెండు మూడు కార్లలో ఆ మడి ఊదదీ తుంగదీ అవుతుంది. వయ్యారిభామ సంగతి సరేసరి. తన విషంతో పక్క మొక్కల మొలకనే అణచేస్తుంది. దాన్ని పీకిన రోజున మా నాన్న చేతులు రాత్రంతా దద్దుర్లు. వుడ్రూ తల్లో మోగిన ఆ ఏకకంఠం, మా పొలంలో పెడితే పంచాయతీ తగాదాలాగా వినిపించేది. మొక్కల గురించి చదవడానికి యూనివర్సిటీ దాకా ఎందుకురా అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. ఏ మొక్క ఎవరి పక్షమో తేలడం మీదనే మా ఇంటి అప్పు తీరడం ఆధారపడి ఉంది కనుక, అని నా జవాబు.

మూర్ ఊహను పూర్తిగా తీసిపారెయ్యనూ లేం. పురుగు కొరికిన చెట్టు గాలిలోకి వదిలే రసాయనాలను పక్కచెట్టు పసిగట్టి సిద్ధపడుతుందని, ఆ సంచికకు ముందటేడు 1983లోనే పరిశోధకులు రాశారు. అది పుకారులాంటిది, పార్టీ తీర్మానం కాదు.

తర్వాత 1980ల చివర నీల్ గైమన్ ఇతణ్ణి పాయిజన్ ఐవీకి కాలేజీ గురువును చేశాడు. గురువుల పరువు తీసే గురువు. 1990ల్లో ఒంటి మీది ఆకులతోనే గంజాయి వ్యాపారానికి దిగాడు. 1997 నాటి 'బాట్‌మన్ అండ్ రాబిన్' సినిమాలో జాన్ గ్లోవర్ వేషం కట్టాడు. మొక్కయ్యేదాకా కూడా బతకనివ్వలేదు. తాను విషాల్లోకి తోసిన శిష్యురాలు లేచి వచ్చి ముద్దుపెట్టి చంపేస్తుంది. ఉమా థుర్మన్ తప్ప ఎవరికీ అతడు గుర్తులేడు. 2017 నాటి 'బాట్‌మన్ అండ్ హార్లీ క్విన్' కార్టూన్ సినిమాలో లోకాన్నంతా మొక్కలు చెయ్యబోతాడు. చివర ఎవరి దగ్గరైనా అగ్గిపుల్ల ఉందా అని అడగడంతో కథ ముగుస్తుంది. నవ్వొస్తుంది గాని, పచ్చిచెట్టు అగ్గిపుల్లకు అంటుకోదని వంటచెరకు కొట్టిన ఎవరికైనా తెలుసు.

నాకు నచ్చినది 2019 నాటి 'స్వాంప్ థింగ్' ధారావాహిక. కెవిన్ డురాండ్ ఆడిన ఈ వుడ్రూకు లోకాన్ని ఏలే కోరిక లేదు. భార్య కరొలీన్‌కు జ్ఞాపకశక్తి పోతూ ఉంటుంది. ఆమెకు మందు కోసమే బురదలోని ఆ ప్రాణిని కోస్తాడు. ఆ భాగానికి పాత సంచిక పేరే పెట్టారు. తీరా మొదటి భాగం వచ్చిన కొద్ది రోజులకే నిర్మాతలు దాన్ని రద్దు చేశారు. పదే భాగాలు. పదోదాని చివర, పేర్లన్నీ పడిపోయాక, వుడ్రూ ఆకులూ ముళ్ళతో ఒక్కసారి కనిపిస్తాడు. అంతటితో తెర పడింది.