ధర్మసేవకై విదేశయానం: గడువు పొడిగింపు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో జమాత్ అనే మాట ఎరుగని ఇల్లు అరుదు. మౌలానా మహమ్మద్ ఇలియాస్ గారు 1920 దశకంలో ఢిల్లీకి దక్షిణాన గల మేవాత్ సీమలో ఆరంభించిన తబ్లీగ్ ఉద్యమం నెలకు 3 దినాలు, సంవత్సరానికి 40 దినాలు, జీవితంలో ఒకసారి 4 నెలలు దైవమార్గంలో గడపాలనే క్రమాన్ని అలవరచింది. 40 దినాల గడువునే చిల్లా అంటారు. ఇందులో వేతనం లేదు. దారిఖర్చు, తిండిఖర్చు ఎవరివి వారే భరించాలి. స్వదేశంలో కొంత కాలం గడిపి అనుభవం గడించినవారు విదేశాలకు సైతం వెళుతుంటారు.

బయలుదేరే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచిస్తారు. గడువు ముగిసే వేళ మాత్రం ఆ ఇల్లు దగ్గర ఉండదు. పరదేశపు మసీదులో, ఫజర్ నమాజు అనంతరం జరిగే మష్వరాలో, ఇంకొక చిల్లా ఎవరిస్తారనే ప్రశ్న వస్తుంది. ప్రక్కవాడు చేయి ఎత్తుతాడు. నాలుగు నెలల సత్సాంగత్యంతో మనస్సు ఆర్ద్రమై ఉంటుంది. ఆ క్షణాన ‘నేను సిద్ధం’ అనడం సులభం. కాని ఆ మాట అనే అధికారం అతనొక్కనికే ఉన్నదా అన్నది విచారించవలసిన విషయం.

సహీహ్ బుఖారీలో మాలిక్ బిన్ హువైరిస్ (ర) చెప్పిన వృత్తాంతం ఒకటి గలదు. ఆయన, మరికొందరు యువకులు మదీనాకు వచ్చి దైవప్రవక్త (స) సన్నిధిలో 20 రాత్రులు గడిపారు. అంతకు మించిన సన్నిధి లోకంలో ఏమున్నది? ఉండిపోతామని వారు అడిగి ఉంటే తప్పుపట్టేవారెవరు? అయినా వారికి ఇంటిపై బెంగ కలిగినదని గ్రహించినవారు ప్రవక్తే. ఇంట ఎవరెవరిని విడిచి వచ్చారని ఆరా తీసి, తిరిగి వెళ్ళి తమవారి మధ్య నివసించి, నేర్చినది వారికి నేర్పమని ఆదేశించారు. ఇంటికి మరలుట సేవను విరమించుట కాదని, సేవలో అది తరువాతి భాగమని ఈ వృత్తాంతం వలన నాకు బోధపడింది. మన యువకులకు ఈ సంగతి చెప్పేవారు ఇంకా ఎక్కువమంది కావాలి.

హజ్రత్ ఉమర్ (ర) కాలపు సంగతి మరింత ప్రసిద్ధం. రాత్రివేళ మదీనా వీధులలో తిరుగుతూ, సైన్యంలో ఉన్న భర్తకై పరితపించే ఒక స్త్రీ గొంతు విన్నారాయన. తమ కుమార్తె హఫ్సా (ర)ను పిలిచి, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. కొన్ని ఉల్లేఖనాలలో 4 నెలలనీ, మరికొన్నింట 6 నెలలనీ సమాధానం కనిపిస్తుంది. ఆ మేరకు సైనికుల గడువును నిర్ణయించారు. రాజ్యరక్షణకు వెళ్ళినవారికే హద్దు పెట్టిన ఆ ఖలీఫా, హద్దు కోసం అడిగినది సేనాపతిని కాదు.

తెలుగువారిలో భిన్నమైన ఉదాహరణ కూడా ఉన్నది. నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు బోధకుడు జాన్ రంగయ్య 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళి, అక్కడి చెరకు, తేయాకు తోటలలో ఒప్పందపు కూలీలుగా ఉన్న తెలుగువారికి సేవ చేశారు. 1915లో మరణించేవరకు ఆ సేవ సాగింది. ఆయన కుటుంబసమేతంగా వెళ్ళారు; పంపిన సంఘం పోషణ చూసింది. మన జమాత్ సోదరునికి ఆ రెండూ లేవు.

ఆదోని జిన్నింగు మిల్లులో దినకూలీ చేసేవానికి పత్తి వచ్చే నెలలే సంవత్సరపు ఆదాయం. ఎమ్మిగనూరులో మగ్గం మీద ఆధారపడిన ఇంట నేసేవాడు లేకుంటే కండెలు చుట్టే ఇల్లాలికీ పని ఉండదు. వానలు తప్పిన ఏడు గుంటూరు సీమకు సుగ్గికి పోయే కుటుంబం సైతం ఎన్నాళ్ళకు తిరిగివస్తామో ముసలివారికి చెప్పి పోతుంది. అప్పులవారికి చెప్పిన వాయిదా ఉంటుంది. పోషించవలసినవారిని నిర్లక్ష్యం చేయుటే మనిషికి చాలినంత పాపమని హదీసు. యుద్ధానికి అనుమతి కోరిన వ్యక్తిని, తల్లిదండ్రులు బ్రతికి ఉన్నారా అని అడిగి, వారి సేవలోనే పాటుపడమని ప్రవక్త (స) పంపిన సంగతి కూడా తెలిసినదే. ఇస్తిఖారా నమాజు మంచిదే. అయితే అది తీరని బాధ్యతను తీర్చదు.

ఇక లౌకిక నియమాలు. వీసా గడువు తీరకముందే పొడిగింపు కోరాలి. ఆ వీసా ధర్మప్రచారానికి అనుమతిస్తుందా లేదా అన్నది కూడా ముందే చూసుకోవాలి. ప్రభుత్వోద్యోగి విదేశంలో ఉండుటకు తన శాఖ అనుమతి, సెలవు పొడిగింపు రెండూ పొందాలి. విద్యార్థికి హాజరు శాతం ఉండనే ఉన్నది. 2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయినప్పుడు ఎందరో కోరకుండానే పరదేశాలలో చిక్కుకున్నారు. తిరుగు ప్రయాణపు సొమ్మును ముట్టుకోకూడదని పెద్దలు చెప్పేది అందుకే.

అన్నీ అనుకూలించి పొడిగించదలచినవాడు ముందుగా ఇంటికి ఫోను చేయాలి. తల్లితో వేరుగా, భార్యతో వేరుగా మాట్లాడాలి. ‘మీ ఇష్టం’ అన్న మాటను సమ్మతిగా తీసుకోక, ఇంట బియ్యం ఎన్నాళ్ళకున్నవో, పిల్లల ఫీజు కట్టారో లేదో అడగాలి. ఆమె జవాబు చెప్పేటప్పుడు ఫోను మరిదిగారి చేతిలో ఉండకూడదు.