నూకాలు, నూకరాజు: నామవిచారము

అనకాపల్లి, మునగపాక ప్రాంతములందు నూకరాజు, నూకయ్య, నూకాలు, నూకరత్నము అను పేరులు తఱచుగా వినవచ్చును. రాయలసీమలో నివి మిక్కిలి యరుదు. కారణము స్పష్టము. అనకాపల్లి గవరపాలెమున నూకాలమ్మ వెలసియున్నది. ఉగాదికి ముందటి కొత్త అమావాస్యనాడు జాతర యారంభమగును. మ్రొక్కుకొని కన్న బిడ్డలకు తల్లి పేరే పెట్టుదురు.

నూక యనగా బియ్యపు తునుక. ‘నూకలు చెల్లినవి’ యనునప్పుడు ఆ పదమే యాయువును దెలుపును. బిడ్డకు నూకలు చెల్లరాదను కోరిక యీ పేరున నిమిడియున్నదనుట యింపుగనే యుండును గాని, అమ్మవారి పేరునకు మూలమదియే యని చెప్పుటకు నే సాహసింపను. ‘నూకాలు’ పదమందలి ‘ఆలు’ ‘మనుమరాలు’ పదమందువలె స్త్రీవాచకమని తలంచెదను. నూకాంబిక యను రూపము దేశ్యపదమునకు దొడిగిన సంస్కృతవేషము. నేటి తలిదండ్రులు మ్రొక్కు చెల్లించుటకై యీ పేరు పెట్టినను, వేఱొక నాగరికనామము చాటున దాచుచున్నారు.