మోటారుబండి పొగగొట్టములోని కన్వర్టరు

మన సంఘమునకు కూరగాయలు చేరవేయు పెట్రోలు వ్యాను గత వేసవిలో మనలను మిక్కిలి కష్టపెట్టినది. డ్రైవరు ముందఱి పలకపై పసుపు దీపము వెలిగెను. బండి మిట్ట యెక్కలేక రొప్పసాగెను. పట్టణములోని యొక మెకానిక్కు కన్వర్టరు చెడినదని చెప్పి క్రొత్తది బిగించెను. రెండు మాసములు గడవకముందే అదియు మూసికొనిపోయెను. తుదకు తేలినదేమనగా, మూలలోపము ఒక స్పార్కుప్లగ్గులో నుండెను. ప్లగ్గు వెల కొన్ని వందలు. మనము వెచ్చించినది అనేక వేలు. ఇట్టి నష్టము సభ్యులకు కలుగకుండుటకై యీ సాధనముల పనిని గూర్చి కొంత వ్రాయుచున్నాము.

పెట్రోలు ఇంజనులో పూర్తిగా కాలినయెడల బొగ్గుపులుసు వాయువును, నీటియావిరియు మాత్రమే పుట్టవలెను. కాని అట్లు జరుగదు. సగము కాలుటచే పుట్టు కార్బన్ మోనాక్సైడు, కాలక మిగిలిన పెట్రోలు ఆవిరి, మిక్కుటమగు వేడిమిలో గాలియందలి నత్రజని ఆమ్లజనితో కలియుటచే నేర్పడు నైట్రోజన్ ఆక్సైడులు, ఈ మూడును పొగతో వెలువడును. మొదటిది రంగును వాసనయు లేని విషము. మూసిన షెడ్డులో ఇంజను నడిపినయెడల మనుష్యుని ప్రాణమునే తీయగలదు.

కన్వర్టరనునది పొగగొట్టమునకు నడుమ నుండు ఉక్కుడబ్బా. దానిలో తేనెపట్టువలె సన్నని రంధ్రములు గల పింగాణి దిమ్మ యుండును. ఆ రంధ్రముల గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహములు అతి సూక్ష్మముగా పట్టించబడియుండును. ఇవి ఉత్ప్రేరకములు, అనగా తాము ఖర్చుగాక ఇతర పదార్థములలో మార్పు కలిగించునవి. పాలకు తోడువంటివని చెప్పవచ్చును గాని, ఆ పోలిక పూర్తిగా సరిపోదు. తోడులోని సూక్ష్మజీవులు పెరుగును. ఈ లోహములు పెరుగవు. వీనిని తాకిన విషవాయువులు బొగ్గుపులుసు వాయువుగను, నీటియావిరిగను, నత్రజనిగను మాఱిపోవును. అయితే డబ్బా సుమారు 250 లేక 300 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు వేడెక్కినగాని పని యారంభింపదు.

ఫ్రాన్సు దేశీయుడగు యూజీన్ హూడ్రీ 1950 తరువాత అమెరికాలో ఇట్టి సాధనమునకై పాటుపడెను. కాని ఆనాటి పెట్రోలులో సీసము కలుపుచుండిరి. ఆ సీసము లోహములపై పేరుకొని వానిని నిరర్థకము చేసెను. అమెరికాలో 1975 నుండి, మన దేశములోని నాలుగు మహానగరములలో 1995 ఏప్రిలు నుండి, క్రొత్త కార్లకు కన్వర్టరులు వచ్చినవి. 2000 ఫిబ్రవరినాటికి దేశమంతటను సీసములేని పెట్రోలే అమ్మసాగిరి.

ఇచట నొక చిక్కు గలదు. మొదటి రెండు విషములను కాల్చుటకు ఆమ్లజని కావలెను. మూడవదాని నుండి ఆమ్లజనిని విడదీయవలెను. రెండు పనులును ఒకే డబ్బాలో జరుగవలెనన్న, తూకమున ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ల గాలి చొప్పున ఇంజనులో కాలవలెను. ఈ పాళమును కనిపెట్టునదే ఆక్సిజన్ సెన్సారు. బొటనవ్రేలంతటి జిర్కోనియా పింగాణి ముక్కకు ఒకవైపున పొగయు, రెండవవైపున బయటి గాలియు తగులును. పొగలో ఆమ్లజని తక్కువైనపుడు సుమారు 0.9 వోల్టు, ఎక్కువైనపుడు సుమారు 0.1 వోల్టు విద్యుత్తు పుట్టును. దానినిబట్టి బండిలోని కంప్యూటరు పెట్రోలును తగ్గించుచు, హెచ్చించుచు నుండును. అనేక బండ్లలో కన్వర్టరునకు వెనుకను మఱియొక సెన్సారుండి, దాని పనితనమును పరీక్షించును.

ఇక మన వ్యాను సంగతి. ప్లగ్గు సరిగా నిప్పు రాల్పకపోవుటచే పెట్రోలు ఇంజనులో కాలక, కన్వర్టరులోనికి పోయి అచ్చట కాలెను. ఆ వేడికి పింగాణి కరగి రంధ్రములు మూసికొనెను. ఇంజనాయిలు తాగు బండికిని, కల్తీ పెట్రోలు పోసిన బండికిని కన్వర్టరు త్వరగా చెడును. కావున పసుపు దీపము వెలిగినపుడు కన్వర్టరు మార్చుమని చెప్పుటకు ముందు, కంప్యూటరులోని తప్పుసంకేతమును చదివించి, ప్లగ్గులను, కాయిలును, సెన్సారు తీగెలను చూపించుకొనుడు. దీపము మిణుకుమిణుకుమని ఆరి వెలుగుచుండినయెడల వేగము తగ్గించి, వీలైనంత త్వరగా బండి నాపవలెను. పాత డబ్బాను ఊరక విడిచిపెట్టకుడు; అందలి లోహములకు మంచి ధర గలదు.

డీసెలు లారీలలో కొన్నిటికి యూరియా ద్రవము పోయుదురు. అది నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా గల నీరు. పొలమునకు వేయు వేపనూనె పూసిన యూరియాను కరగించి పోసినవారికి మరమ్మతు ఖర్చు తప్పదు.

రైతులకు అన్నిటికంటె ముఖ్యమైనది అగ్నిభయము. నడచిన బండి కన్వర్టరు ఎండుగడ్డిని అంటింపగలంత వేడిగా నుండును. కళ్లములో వరిగడ్డిపైనను, గడ్డివామి ప్రక్కను బండి నిలుపరాదు. ఉలవచెట్లు రోడ్డుపై పఱచి బండ్లచే త్రొక్కించు అలవాటు మనలో నున్నది. ఆ కట్టె బండి క్రింద చుట్టుకొని అంటుకొనినచో పంటయు, బండియు, అందలివారును అపాయమున పడుదురు. అట్టి తావును దాటి వచ్చిన బండి నాపి, ఇంజను చల్లారిన పిదప అడుగున చిక్కుకొన్న గడ్డిని కొంకికఱ్ఱతో లాగివేయవలెను.