పటాన్‌చెరు మీద సినిమా తీయాలంటే మొదటి ప్రశ్న బడ్జెట్ కాదు | ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

కామెంట్లలో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "అన్నా, మన పటాన్‌చెరు, పాశమైలారం కార్మికుల మీద నిజాయితీగా ఒక సినిమా తీయాలంటే ఎంత అవుతుంది?" ఇవాళ ఎపిసోడ్ దాని మీదే. కాకపోతే డబ్బు లెక్క కంటే ముందు ఇంకో లెక్క ఉంది. ఆ సినిమా మొట్టమొదట ఎవరు చూడాలి? సాఫ్ట్‌వేర్‌లో యూజర్ ఎవరో తేల్చుకోకుండా కోడ్ మొదలుపెట్టం కదా, ఇదీ అంతే. దీనికి ఉదాహరణల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన పాత మెదక్ జిల్లాలోనే రెండున్నాయి.

మొదటిది 'మా భూమి'. తెలంగాణ సాయుధ పోరాటం మీద కిషన్ చందర్ రాసిన ఉర్దూ నవల దీనికి ఆధారం. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. డైరెక్టర్ గౌతమ్ ఘోష్ బెంగాలీ, ఆయనకి ఇదే మొదటి ఫీచర్ ఫిల్మ్. హీరోగా చేసిన సాయిచంద్‌కీ ఇదే మొదటిది. పెద్ద స్టార్లు లేరు. షూటింగ్ మెదక్ జిల్లా మంగళపర్తి ఊళ్లో చేశారు. 1980 మార్చిలో రిలీజైంది. మెయిన్ షోలు పెద్ద సినిమాలకి పోతాయి కాబట్టి, ఇది మార్నింగ్ షోలతోనే నెలల తరబడి నడిచింది. ఎవరి కథ చెప్పారో వాళ్లే టికెట్ కొనుక్కుని వచ్చారు. గమనించండి, దీని మార్కెటింగ్ అంతా అదే.

ఇప్పుడు థియేటర్ అంత తేలిక కాదు. థియేటర్ వాళ్లతో ఒప్పందం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి పర్సంటేజ్, అంటే వచ్చిన కలెక్షన్‌లో వాటా. రెండోది రెంట్, టికెట్లు తెగినా తెగకపోయినా అద్దె కట్టాల్సిందే. దాని మీద డిజిటల్ ప్రొజెక్షన్ ఛార్జీలు, పోస్టర్లు, పబ్లిసిటీ. అందుకే తీసిన ఖర్చుకి రిలీజ్ ఖర్చు పోటీకొస్తుంది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' చూడండి. విశాఖలో ఆ పేటవాళ్లతోనే నటింపజేసి తీశారు. కానీ అంతమందికి చేరిందంటే, రానా, సురేష్ ప్రొడక్షన్స్ వాళ్లు ముందుకొచ్చి ప్రెజెంట్ చేయడం పెద్ద కారణం. అందరికీ అలాంటి చెయ్యి దొరకదు.

మరి దొరకనివాళ్లు ఏం చేయాలి? ఇక్కడే రెండో ఉదాహరణ. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్, ఇది మన సంగారెడ్డి జిల్లానే. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాన్ని నడిపిన పి.వి. సతీష్ గారు అంతకుముందు దూరదర్శన్ ప్రొడ్యూసర్. 1990ల చివర్లో అక్కడి సంఘం మహిళలకి వీడియో కెమెరా నేర్పించారు. ఎక్కువమంది దళిత మహిళలు, చాలామందికి చదువు రాదు. వాళ్లు షాట్లకి సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. ఎదుటి మనిషి కళ్లకి సమానంగా కెమెరా పెడితే అది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ సమానం. ఏ ఫిల్మ్ స్కూల్ పుస్తకం ఇంత సూటిగా చెప్తుంది చెప్పండి!

బీటీ పత్తి వచ్చిన తొలి సీజన్‌లో, 2002లో, వీళ్లు వరంగల్ జిల్లాకి మళ్లీ మళ్లీ వెళ్లి, విత్తనం నుంచి దిగుబడి దాకా అవే రైతుల్ని ఫాలో అయ్యారు. 2003లో ఆ డాక్యుమెంటరీ బయటికొచ్చింది. తర్వాత ఇంగ్లీష్, ఫ్రెంచ్ లాంటి భాషల్లోకీ వెళ్లింది. 2005లో మూడు బీటీ హైబ్రిడ్ రకాలకి ఆంధ్రప్రదేశ్‌లో కేంద్ర కమిటీ అనుమతి పొడిగించలేదు. అది సినిమా ఒక్కదాని వల్ల కాదు. రైతుల ఆందోళనలు, పొలాల్లో చేసిన సర్వేలు, అన్నీ కలిశాయి. పైగా ఆ తర్వాత కూడా బీటీ పత్తి పెరుగుతూనే పోయింది. కాబట్టి "సినిమా సమాజాన్ని మార్చేస్తుంది" అనే డైలాగ్ నేను కొట్టను. సినిమా చేసేది సాక్ష్యం నిలబెట్టడం. "అలా ఏం జరగలేదు" అని ఎవరైనా అంటే చూపించడానికి ఒకటి ఉంటుంది.

ఇప్పుడు మన బెల్ట్‌కి వద్దాం. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. టీవీలో కొన్నాళ్లు నడిచింది, తర్వాత కెమెరాలు వెళ్లిపోయాయి. కెమెరాలు వెళ్లిపోయాక మిగిలిన జీవితమే రియలిస్ట్ సినిమాకి కథ.

కానీ ఒక జాగ్రత్త. 1948 నాటి ఇటాలియన్ సినిమా 'బైసికిల్ థీవ్స్'లో హీరో నిజంగానే ఫ్యాక్టరీ కార్మికుడు. సినిమా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది, ఆయనకి మాత్రం ఉన్న ఉద్యోగం పోయింది. ఇక్కడ కాంట్రాక్ట్ కార్మికుడి ముఖం స్క్రీన్ మీద కనిపిస్తే, రేపు గేటు దగ్గర ఏమవుతుంది? ఇంకో రూమ్‌మేట్ దొరికినంత తేలిగ్గా ఇంకో పని దొరకదు. అందుకే ముఖం చూపించాలా, గొంతు చాలా, పాత్రగా మార్చి చెప్పాలా అన్నది స్క్రిప్ట్ దశలోనే ఆ మనిషితో కూర్చుని తేల్చుకోవాలి. రఫ్ కట్ ముందు ఆయనకే చూపించాలి. వద్దంటే ఆ సీన్ తీసేయాలి.

ఫస్ట్ షో ఇస్నాపూర్‌లో ఆదివారం సాయంత్రం పెట్టండి, సగంమందికైనా వీక్లీ ఆఫ్ ఉంటుంది. హిందీ, ఒడియా సబ్‌టైటిల్స్ తప్పనిసరి, చదవలేనివాళ్లకి మధ్యమధ్యలో ఆపి చెప్పే మనిషి ఒకరుండాలి. సినిమా అయ్యాక ఒక గంట మాట్లాడుకోనివ్వండి. ఫెస్టివల్స్, ఓటీటీ ఆ తర్వాత. ప్రసాద్ ల్యాబ్స్ ప్రివ్యూలో వచ్చే చప్పట్ల కంటే, అక్కడ ఒక మనిషి లేచి "ఇది ఇట్ల కాదు తమ్మీ" అంటే అదే మీకు అసలు రివ్యూ.

మీ ఏరియాలో ఇలాంటి సినిమా ఎక్కడ వేస్తే జనం వస్తారు? కామెంట్‌లో ఆ చోటు పేరు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో సెన్సార్ సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం. ఉంటానండీ.