బాటకు దగిన బండి

పుష్పక విమానమునకు ఒక గుణము గలదని పెద్దలు చెప్పుదురు. ఎందరెక్కినను అందింకొకరికి చోటు మిగులునట. చిన్ననాడు మా నాయనగారియొద్ద రామాయణము చదువుకొనునపుడు ఆ మాట మాకు మిక్కిలి సామాన్యముగ దోచినది. విమానము ఆకసమున నెగురుట వింతగాని చోటు మిగులుట యేమి వింత యనుకొంటిమి. ఇప్పుడు ఉదయము ఎనిమిది గంటలకు వీధిమొగమున బస్సుకై నిలుచుండినపుడు మాత్రము, ఎగురుటకంటె ఆ చోటు మిగులుటయే గొప్ప మహిమ యని తెలియుచున్నది. మానవులు చేసిన బండిలో చోటునకు కొలత యున్నది. ఆ కొలతను బాటనుబట్టియు, వేళనుబట్టియు ఎట్లు కుదుర్చవలెనో నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

ఇది డిపోలోని అధికారుల గొడవ, మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురు గాక. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండియు స్త్రీలకు ఉచిత ప్రయాణము కలిగినది. నగరములలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఈ సదుపాయము వర్తించును. కావున బస్సు పెద్దదియా చిన్నదియా, ఎన్ని నిమిషముల కొకటి వచ్చును అను ప్రశ్న నేడు ముందుగా మన ప్రశ్నయే యైనది.

వంటయింటి సంగతి మనకు తెలియనిది కాదు. పదిమందికి వండు గుండిగలో ఇద్దరికి అత్తెసరు పెట్టిన అడుగంటును. ఇద్దరి గిన్నెలో పదిమందికి పెట్టిన పొంగి పొయ్యి నార్పును. బస్సులకును ఇదియే న్యాయము. నగరములలో తిరుగు సామాన్యమైన పెద్దబస్సు సుమారు 12 మీటర్ల పొడవుండును. దానికి తరువాతిది 9 మీటర్లది; అంతకంటె పొట్టిది 7 మీటర్లది. పెద్దదానిలో సుమారు 40 మంది కూర్చుండగలరు. నిలుచువారిని గూడ చేర్చిన 60 మందికి తక్కువ గాకుండ పట్టుదురు. నిలుచువారు ఎందరని యడిగిన, కండక్టరుకు తెలియునేమో గాని శాస్త్రమునకు తెలియదు!

చిన్న బస్సులే వేసిన తరచుగా వచ్చును గదా, అవియే మేలని మేమును మొదట అనుకొంటిమి. మా గృహపతి బడిలో గణితము చెప్పువారు గనుక పలకమీద లెక్క వేసి చూపిరి. ఒక బాటలో గంటకు 120 మంది ఒక దిక్కునకు పోవుదురనుకొందము. 60 మంది పట్టు బండ్లు గంటకు రెండు చాలును, అరగంటకొకటి వచ్చును. 30 మంది పట్టునవైన నాలుగు కావలెను, పావుగంటకొకటి వచ్చును. వేళ తెలియక వచ్చినవారు సగటున ఆ యెడములో సగము వేచియుందురు గనుక మొదటిదానిలో 15 నిమిషములు, రెండవదానిలో ఏడున్నర. అనగా చిన్నబండివలన ఏడున్నర నిమిషముల లాభము. ఎండలో చంకబిడ్డతో నిలుచు తల్లికి ఆ లాభమెంతటిదో మనము వేరుగ చెప్పుకొననక్కరలేదు.

అదే బాటలో గంటకు 600 మంది యున్నచో? పెద్దబండ్లు పది, ఆరు నిమిషముల కొకటి. చిన్నవైన ఇరువది, మూడు నిమిషముల కొకటి. వేచియుండుటలో మిగిలినది ఒకటిన్నర నిమిషము మాత్రమే. దానికై డ్రైవర్లు, కండక్టర్లు ఇబ్బడి కావలెను, దారియు ఇబ్బడి బండ్లతో ఇరుకగును. చిన్నబండి తోలువాని జీతము చిన్నది కాదు గదా! కాబట్టి జనము పలుచగానున్న బాటకు చిన్నబస్సు వరము. జనము ముసిరిన బాటకు అదియే చేటు. ఈ భేదము తెలియక, చిన్నబస్సు కావలెనని కొందరు, పెద్దబస్సు కావలెనని కొందరు వాదించుకొనుట వ్యర్థము.

హైదరాబాదు నగరమున ఈ రెండు కొనలను చూచినవారు నేటికిని గలరు. నిజాము ప్రభుత్వమువారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖ నారంభించిరి. తరువాతి కాలమున ఆ నగరమున రెండంతస్తుల బస్సులు చిరకాలము నడచినవి. మీదియంతస్తులో ముందుసీటుకై పిల్లలు పోట్లాడుకొనుట మేమును కన్నులార చూచితిమి. వంతెనలును తీగలును పెరిగిన వీధులలో ఎత్తైన బండి నడచుట కష్టము. ఆ బండ్లును ముదిసినవి. ఈ శతాబ్దపు తొలియేండ్లలో అవి కనుమరుగైనవి. ముంబయిలో 1937లో మొదలైన రెండంతస్తుల బస్సులలో పాత డీజిలు రకపు చివరిది 2023 సెప్టెంబరులో విరమించినది. ఆ ఫిబ్రవరిలోనే హైదరాబాదున విద్యుత్తుతో నడచు రెండంతస్తులవి మూడింటిని ప్రారంభించిరి. అవి నగరము చూడవచ్చినవారికై తిరిగినవి. వేడుకకు అవి చక్కనివే. నిత్యప్రయాణమునకు మాత్రము అట్టి బస్సు దూరము పోవువారు నిండుగానున్న బాటకే తగునని మా యభిప్రాయము. రెండు స్టాపులకు దిగిపోవు ముసలమ్మ కుచ్చెళ్ళు పట్టుకొని మెట్లెక్కునా? ఆమె క్రిందనే నిలుచును. మీద సీట్లు ఖాళీగానే పోవును.

రెండవ కొనకు, పాతబస్తీ యిరుకు వీధులలో తిరిగిన సెట్విన్ చిన్నబస్సులు ఉదాహరణము. 1978లో యువకులకు ఉపాధి కల్పించుటకై స్థాపింపబడిన సంస్థ యది. పెద్దబండి మలుపు తిరుగలేని సందులకు వారి బండి పోయెడిది. అచట జనసంఖ్యకంటె వీధి వెడల్పే బండి పొడవును నిర్ణయించినది.

బండి పొడవొక్కటే చాలదు, వాకిళ్ళును మెట్లును చూడవలెను. పాత పద్ధతిలో లారీ చట్రముమీద కట్టిన బస్సు నేల మోకాలికి చాల పైన నుండును. చీరకట్టుతో, చేతిసంచితో మూడు నిలువుమెట్లు ఎక్కుటకు పట్టు క్షణములన్నియు ప్రతి స్టాపులోను కూడి, బస్సును ఆలస్యపరచును. ఆలస్యమైన బస్సుకు తరువాతి స్టాపులో జనము మరింత చేరుదురు. అది మరింత ఆలస్యమగును. వెనుక వచ్చు బస్సుకు ఎక్కువా రుండరు గనుక వేగముగ వచ్చి దీనిని కలిసికొనును. గంటసేపు రాక, పిమ్మట రెండు జంటగా వచ్చుటకు కారణమిదియే గాని డ్రైవర్లు మాటలాడుకొనుచు వచ్చుటగాదు. తెలియక వారిని నిందించిన పాపము మాకును కొంత గలదు.

ఇక ఏ బాటలో ఎందరని ఎట్లు తెలియును? టిక్కెట్లను బట్టి యందురు. టిక్కెట్టు యంత్రము ఎవరెచట నెక్కి ఎందాక పోవుచున్నారో గుర్తుంచుకొనును. తెలంగాణమున మనకిచ్చు సున్న టిక్కెట్టును ఊరక యిచ్చునది గాదు; ప్రభుత్వము సంస్థకు చెల్లింపవలసిన సొమ్మునకు అదియే లెక్క. ఉచితమే కదా యని దానిని తీసికొనకుండుట మన లెక్కను మనమే చెరుపుకొనుట. కాని ఆ యంత్రమునకు తెలియనిది ఒకటి గలదు. బస్సు నిండి ఆగక పోయినపుడు స్టాపులో మిగిలిపోయినవారికి టిక్కెట్టు లేదు. వారు ఏ పట్టికలోను లేరు.

ఈ సంగతి మేము అనుభవమున నెరిగితిమి. మేమున్న పేట ఊరి చివర. మా బాటలో ఒకే పెద్దబస్సు తిరిగెడిది. ఉదయము అందు కాలు మోపుటకు చోటుండదు. మధ్యాహ్నము పదిమంది యుందురో లేదో. మధ్యాహ్నపు నడకలు నష్టమని వానిని మానిపివేసిరి. ఆసుపత్రినుండి మరలు గర్భిణులును, రెండిండ్లలో పనిచేసికొని వచ్చు స్త్రీలును నడిదారిలో చిక్కుకొనిరి. మా యెదురింటి కోడలు ఏడవ నెలలో ఆటోకు డబ్బు చాలక రెండు మైళ్ళు ఎండలో నడచివచ్చి మా అరుగుమీద కూలబడినది. ఆ సాయంకాలమే మేము అయిదుగురము కూడి, పాత క్యాలెండరు వెనుక గీతలు గీసి, ఒక వారము లెక్క వ్రాసితిమి: ఎక్కినవారెందరు, మిగిలిపోయినవారెందరు అని.

ఆ కాగితములు చూచి డిపో అధికారి నవ్వలేదు. అది ఆయన మంచితనము. మధ్యాహ్నము చిన్నబస్సు వేసిరి. మేము సంతోషించినది పదిదినములు మాత్రమే. అదే చిన్నబస్సును ఉదయమునను పంపసాగిరి! పెద్దది వేరొక బాటకు పోయినది. కాలేజికి పోవు బాలికలు మునుపటికంటె ఎక్కువమంది స్టాపులో మిగిలిరి. అందొకతెకు తండ్రి చదువు మానుమనెను. మరల పోయితిమి. “అమ్మా, ఉదయము మా డిపోలో ఒక్క బండియు ఖాళీ లేదు. మీకొక బాటకు రెండు బండ్లు ఎక్కడనుండి తేగలను?” అని ఆయన పట్టిక చూపెను. ఆ మాటకు మాకు బదులు తోచలేదు. నిజమే, పొద్దుటికొక గిన్నె, మాపటికొక గిన్నె కొనగల యిల్లు ఎన్నియున్నవి?

బదులు చెప్పినది మా వీధికి కూరలు తెచ్చు ఆమె. “తెల్లారగట్ల మార్కెట్టు బస్సు ఏడింటికల్లా పని ముగించుకుని మీ పేట మీంచే కాళీగా డిపోకి పోతుంది గదమ్మా! నేను రోజూ చూస్తాను. దాన్నే ఆపమనండి” అన్నది. రామాయణము చదివిన మాకును, గణితము చెప్పు మా వారికిని ఈ మాట తట్టలేదు. అధికారి పట్టిక మరల తిరుగవేసి, అవునని తలయూచెను.

ఆ మార్కెట్టు బస్సు ఇప్పుడు ఏడు గంటల నలుబది నిమిషములకు మా వీధిమొగమున ఆగుచున్నది. లోపల కొత్తిమీర వాసన, నేలమీద క్యాబేజి ఆకులు. బాలికలు చెప్పులు చూచుకొనుచు ఎక్కుచున్నారు; చదువు మానుమన్న తండ్రి తానే దిగబెట్టి పోవుచున్నాడు. సాయంకాలము ఆరు గంటల బస్సు సంగతి యింకను తేలలేదు. దానికొరకు క్యాలెండరు మరియొకటి వెనుకకు త్రిప్పితిమి. గీతలు గీయుట ఎదురింటి కోడలి పని, ఆమె ఇప్పుడు బిడ్డను ఒడిలో పెట్టుకొని కిటికీకడ కూర్చుండి లెక్కించుచున్నది.