గృహమందలి చెమ్మ – గృహిణి కర్తవ్యము

ఇల్లూడ్చి, అలికి, ముగ్గుపెట్టి శుభ్రముగా నుంచుకొనుట మనకు వెన్నతో పెట్టిన విద్య. కంటికి గనబడు దుమ్మును మనమొక దినమైనను సహింపము. కాని కంటికి గానరాని చెమ్మ ఇంటిగాలిలో నెంత చేరినదో అరయువారు మనలో కొలదిమందియే. గాలిలో తేమ మిక్కిలి తగ్గినను కీడే, మితిమీరినను కీడే.

ఈ రెండు కీడులను ఒక్క యేడాదిలోనే చవిచూచు ఊళ్లలో నూజివీటి మామిడితోటల సీమలోని చాట్రాయి యొకటి. బంగినపల్లికాయలు, రసాలు ఇంటికి వచ్చి, ఆవకాయలు పెట్టు దినములలోనే వడగాడ్పులును వీచును. అప్పుడు పెదవులు పగులును, గొంతెండును, కొందరు బిడ్డలకు ముక్కులెండి నెత్తురు కారును. జూన్ నెలలో తొలకరి వచ్చిన పిమ్మట అంతయు తారుమారగును. తలుపులుబ్బి మూతపడవు, అప్పడములు మెత్తబడును, పెట్టెలోని పట్టుచీరలు ముక్కవాసన కొట్టును, గోడమూలల బూజు పుట్టును. మే నెలలో మనము కోరి తెచ్చుకొన్న తేమయే జూలైలో మనకు శత్రువగును. కావున ఏడాది పొడుగున ఒక్కటే పద్ధతి పనికిరాదు.

గాలి వేడెక్కిన కొలది ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకొనగలదు. ఒక ఘనమీటరు గాలి 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో సుమారు 17 గ్రాములును, 40 డిగ్రీల వేడిలో సుమారు 51 గ్రాములును ఆవిరిని పట్టును. పట్టగలిగినదానిలో ఎంత నిండియున్నదో దానిని నూటికింత యని లెక్కింతురు. నూటికి 40 మొదలు 60 వరకు దేహమునకు హితము. అంతకు మించి చాల దినములు నిలిచినచో బూజు పెరుగుటకును, పరుపులలో కంటికానని సూక్ష్మపు పురుగులు వర్ధిల్లుటకును అనువగును. చెమ్మయిండ్లలో నివసించువారికి దగ్గు, ఊపిరితిత్తుల జాడ్యములు, ఉబ్బసపు బాధ హెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009వ సంవత్సరమున ప్రకటించినది.

తేమను కొలుచు హైగ్రోమీటరను చిన్న సాధనము అంగళ్లలో దొరకును. అది లేనివారికి ఉప్పుజాడియే సాధనము. శుద్ధమైన ఉప్పు గాలిలోని తేమ నూటికి 75 దాటగనే చెమర్చును. మెగ్నీషియము లవణములు కలిసిన కల్లుప్పు అంతకు ముందే చెమర్చును. ఉప్పు చెమర్చిన దినమున తడిబట్టలను పడకగదిలో ఆరవేయరాదు. ఆ బట్టలలోని నీరు గాలిలోనికి, గాలినుండి గోడలకు, పరుపులకు చేరును.

వేసవిలో ప్రొద్దెక్కకమునుపే కిటికీలు మూసి, చల్లబడిన పిమ్మట తెరువవలెను. వట్టివేళ్ల తడికను తడిపి కిటికీకి కట్టినను, కూలరు పెట్టినను, ఎదుటి తలుపు కొంచెము తీసియుంచవలెను. గాలి బయటికి పోవు త్రోవ లేనిచో చల్లదనము పోయి ఉక్క మిగులును. కూలరులోని నీటిని వారమున కొకసారియైన పారబోసి, తొట్టిని తుడిచి ఆరనియ్యవలెను. లేనిచో దోమలు పుట్టును. వానలు పట్టిన తరువాత కూలరు మాని, పంకాతోనే సరిపుచ్చుకొనుట మేలు. అప్పటికే తడిసిన గాలికి మరల తడి చేర్చినచో మేని చెమట ఆరదు.

వానకాలమున తేమను 60కి దించుట మన సీమలో అన్ని వేళల సాధ్యము గాదు. ఇల్లు చెమర్పకుండ చూచుట మాత్రము మనచేతిలోని పని. మొదట కప్పు కారుచోట్లను బాగుచేయింపవలెను. అన్నము వండునపుడు వంటింటి కిటికీ తీసియుంచవలెను. బీరువాలను గోడకు జానెడు దూరమున నుంచవలెను. వాన వెలిసి యెండ వచ్చిన గంటయైనను విడువక పరుపులను ఎండవేసి, కిటికీలు తెరువవలెను. బూజును పొడిగుడ్డతో దులిపినచో అది గాలిలో నెగిరి ఊపిరిలో చేరును. సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఆ చోటు ఆరనియ్యవలెను. చెమ్మగోడకు సున్నము కొట్టినచో మచ్చ మరుగుపడును గాని చెమ్మ పోదు.

వంటింటి సామగ్రి విషయమున మరియొక జాగ్రత్త. చెమ్మ తగిలిన వేరుసెనగపప్పు, ఎండుమిరపకాయలు, కొబ్బరి బూజుపట్టినచో అందు అఫ్లటాక్సిననబడు విషము పుట్టవచ్చును. అది కాలేయమునకు హాని. వేయించినను, ఉడికించినను పూర్తిగా పోదు. కడిగి వాడుకొందమను పొదుపు ఇచట కూడదు. పారవేయుటయే మేలు.

వానలు పట్టినది మొదలు బిడ్డ రాత్రివేళ దగ్గుచున్నచో కషాయములతో కాలము గడపక వైద్యునికి చూపవలెను. దానితోపాటు ఆ బిడ్డ పండుకొను మంచము వెనుక గోడను కూడ తడవి చూడవలెను.

మాగాయముక్కలు ఎండబెట్టిన దినమున మనము ఎన్నిసార్లు ఆకసము వంక చూతుము! మబ్బుపట్టగనే పరుగెత్తి ముక్కలు లోనికి చేర్తుము. ఎండరాగనే మరల పరతుము. జాడిలోని ఊరగాయకు చూపు ఆ శ్రద్ధలో సగము బిడ్డలు పండుకొను గదికి చూపినను చాలును.